ఉప్పు వెయ్యని పప్పు

మా దొడ్లో మొక్కలు ఒక్కొక్కటిగా చచ్చిపోతూ వచ్చాయి. ముందు కొత్తిమీర పోయింది. మొలిచి నాలుగాకులు వేసిందో లేదో అంచులు ఎర్రబడి కూలిపోయింది. విత్తనం మంచిది కాదన్నాం. తర్వాత చిక్కుడు. పందిరి నిండా పూత వచ్చి, పిందె పడకుండానే రాలిపోయింది. పేనుబంక అన్నాం. మిరపకి ముడత అన్నాం. బెండకి ఏ జబ్బు అంటగట్టాలో తోచక దిష్టి తగిలిందన్నాం. ఏది చచ్చినా మా దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉండేది.

పాలకూర మాత్రం చావలేదు. చావకపోగా ఎన్నడూ లేనట్టు ఎదిగింది. అరచేతి కంటే వెడల్పు ఆకులు, దళసరిగా, నల్లటి ఆకుపచ్చలో మెరుస్తూ ఉండేవి. కోసిన చోటే మళ్ళీ లేచేది. చుట్టూ అన్నీ ఎండిపోతుంటే మధ్యలో ఆ ఒక్క మడి అంత పచ్చగా ఉండటం చూస్తే సంతోషం వెయ్యాలి. నాకెందుకో వేసేది కాదు. అత్తయ్యకి చెప్తే, "నీకు మొక్క చచ్చినా బాధే, బతికినా బాధే" అని నవ్వేది.

ఆ మడి అత్తయ్యది. దొడ్లో నాకు ఓటు హక్కు లేదు. నేను నాటితే ప్లాస్టిక్ పువ్వు కూడా వాడిపోతుందని మా ఆయన అంటారు. అందులో కొంత నిజం ఉంది కాబట్టే నాకు కోపం. పాలకూర గింజలు ముళ్ళు ముళ్ళుగా ఉంటాయి. వాటిని అత్తయ్య సాయంత్రం నానబెట్టి, పొద్దున్నే గుడ్డలో ఆరబోసి, పొయ్యిలో బూడిద కలిపి చల్లేది. గ్యాస్ వచ్చి ఎన్నేళ్ళయినా ఆ బూడిద కోసమే దొడ్లో కట్టెల పొయ్యి ఉంచింది. స్నానాల నీళ్ళు ఆ పొయ్యి మీదే కాగేవి. మొక్కని పీకనిచ్చేది కాదు. ఎండ రాకముందే వేళ్ళ దగ్గర రెండంగుళాలు వదిలి కొడవలితో కోసి, బోరింగు నీళ్ళు మడికి వదిలేది. ఆవిడ చేతి చలవ గురించి మా వీధిలో అందరూ చెప్పుకునేవాళ్ళు. కోసిన ఆకు సగం వీధికే వెళ్ళేది. ఎదురింట్లో కడుపుతో ఉన్న పిల్లకి మొదటి కట్ట. రక్తం పడుతుందని స్వయంగా వెళ్ళి చేతిలో పెట్టి వచ్చేది.

మాది దివిసీమ. అవనిగడ్డ దాటి నాగాయలంక వెళ్ళే దారిలో కాస్త లోపలికి వెళ్ళాలి. నేను పామర్రు నుంచి కోడలిగా వచ్చాను. వచ్చిన కొత్తలో చేసిన మొదటి తప్పు ఇప్పటికీ గుర్తు. అత్తయ్య ఉప్పు అందుకోమంటే గిన్నె తీసి చేతికివ్వబోయాను. వేడి పెనం తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఉప్పు చేతికివ్వకూడదమ్మాయ్. కింద పెట్టు, నేను తీసుకుంటాను" అంది. చేతికిస్తే ఇద్దరి మధ్యా గొడవలొస్తాయట. మా అమ్మా చెప్పేది గాని, అంత పట్టింపు నేనెక్కడా చూడలేదు. ఇన్నేళ్ళలో ఆవిడ ఎవరికీ ఉప్పు చేతికివ్వలేదు, ఎవరి చేతి నుంచీ తీసుకోలేదు. మా ఇద్దరికీ గొడవలు మాత్రం కావలసినన్ని జరిగాయి.

రెండో తప్పు, సముద్రం చూద్దాం రమ్మనడం. మా ఆయన హంసలదీవికి తీసుకెళ్తానన్నారు. కృష్ణ సముద్రంలో కలిసే చోటు, మాఘ పౌర్ణమికి చుట్టుపక్కల ఊళ్ళన్నీ అక్కడికే స్నానాలకి వెళ్తాయి. "మీరూ రండి అత్తయ్యా" అన్నాను. ఆవిడ వినిపించుకోనట్టు లోపలికి వెళ్ళిపోయింది. దారిలో మా ఆయన చెప్పారు. ఉప్పెన వచ్చేనాటికి అత్తయ్య బళ్ళో చదువుకునే పిల్ల. సముద్రం లేచి ఊళ్ళ మీద పడి, వెనక్కి పోతూ పోతూ ఆవిడ తమ్ముణ్ణి పట్టుకుపోయింది. అప్పటి నుంచి ఆవిడ సముద్రం ముఖం చూడలేదు. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు. నేనూ మళ్ళీ ఎత్తలేదు.

మా దొడ్డి కంచె అవతల నేనొచ్చేనాటికి వరి చేలు. ఆ చేను ఆసామిని వరస కలిపి మావయ్యగారూ అనేదాన్ని. వరి ఎటూ గిట్టడం లేదని ఆయన చేను రొయ్యలకి కౌలుకిచ్చేశాడు. చుట్టూ ఉన్న అందరూ అదే చేశారు, ఆయన్ని ఒక్కణ్ణి అనడానికి లేదు. పొక్లెయిన్లు వచ్చి చేలు తవ్వి గట్లు లేపాయి. లోతు బోర్లు వేసి ఉప్పు నీళ్ళు తోడి చెరువులు నింపారు. ఆ రోజు నుంచి, రొయ్యలకి గాలి అందేలా నీళ్ళు చిలికే ఏరేటర్ల చప్పుడు మా ఇంట్లో మనిషైపోయింది. అన్నం తింటున్నా అదే, పూజ చేసుకుంటున్నా అదే. కరెంటు పోయి అవి ఆగితే, ఏదో జరిగిందని ఉలిక్కిపడేవాళ్ళం.

అత్తయ్య జబ్బు మొదట బయటపడింది అవనిగడ్డ బస్టాండులో. బస్సు దిగుతూ కళ్ళు తిరిగి అక్కడే కూలబడిపోయింది. ఎవరో మజ్జిగ పట్టించి ఆటో ఎక్కించి పంపారు. మర్నాడు మా ఆయన బందరు తీసుకెళ్ళారు. ఆయన ఉద్యోగం బందర్లోనే, తెలిసిన డాక్టరుగారున్నారు. బీపీ చూసి ఆ డాక్టరుగారు మళ్ళీ చూశారట. మాత్రలు రాసి ఒకటే మాట చెప్పారు. ఉప్పు మానెయ్యాలి. పచ్చళ్ళు, అప్పడాలు, ఎండుచేపలు ఇంట్లో కనపడకూడదు. ఆకుకూరలు మంచివి, ఎంతైనా తినొచ్చు.

ఆవకాయ లేకుండా అన్నం ముద్ద దిగని మనిషి. జాడీలన్నీ ఆవిడే గుడ్డలు కట్టి నాకందించి అటక మీద పెట్టించింది. నిచ్చెన కింద నిలబడి, "ఆ మాగాయ కూడా వెనక్కి తొయ్యి, కనపడకూడదు" అంటుంటే నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. అన్న మాట మీద నిలబడే మనిషి. ఆ రోజు నుంచి మజ్జిగలో కూడా ఉప్పు ముట్టలేదు. వంటలో ఆవిడ వాటా ముందే తీసి పక్కన పెట్టి, మిగిలినదాంట్లో మాకు ఉప్పు వేసేదాన్ని. రెండు పూటలా ఆవిడకి పాలకూర. పప్పులో వేసినా, పులుసు పెట్టినా, వట్టి కూర వండినా ఆకు అదే.

మొదట్లో ముద్ద మింగలేక కళ్ళనీళ్ళు పెట్టుకునేది. కొన్నాళ్ళకి బాగానే తినసాగింది. "అలవాటైపోయిందమ్మాయ్, ఇప్పుడు చప్పగానే లేదు" అనేది. మనిషి పట్టుదల అంటే ఇలా ఉండాలని నేను మా ఆయనకి గొప్పగా చెప్పాను. ఆవిడ మాట విని పొంగిపోయానే గాని, ఆవిడ గిన్నెలోంచి ఒక్క మెతుకు తీసి నోట్లో వేసుకుని చూడాలని నాకు తట్టలేదు. చప్పిడి కూర సరదాకి ఎవరు తింటారు?

అదే రోజుల్లో మా ఆయన నా వంటకి వంకలు పెట్టడం మొదలుపెట్టారు. ఉప్పెక్కువైంది అంటారు. తగ్గించాను. మళ్ళీ ఎక్కువైంది అన్నారు. ఇంకా తగ్గించాను. వంకలు పెట్టడం ఆయనకి కొత్త కాదు కాబట్టి పట్టించుకోలేదు. ఉప్పు ప్యాకెట్ మాత్రం ఎన్నాళ్ళైనా అయిపోవడం లేదు. ఇంట్లో అందరం తగ్గించాం కదా, మంచిదే అనుకున్నాను. చెయ్యి దానంతటదే ఒక్కో చిటికెడు తగ్గిస్తూ పోయింది. ఎందుకు తగ్గిస్తోందని నేను అడగలేదు.

పప్పు ఉడకడం మానేసింది. కుక్కర్ ఎన్ని కూతలు కూసినా పలుకు పలుకుగానే ఉండేది. కొట్టువాణ్ణి తిట్టి కందిపప్పు మార్చాను. సబ్బు నురగ రావడం లేదు. బిందెల అడుగున తెల్లటి పొర గడుతోంది. వంటింటి గోడ కింద జానెడు మేర సున్నం ఉబ్బి, పెళ్ళలుగా రాలి, లోపల తెల్లగా పూసింది. మేస్త్రీ ఇసుకలో దోషం అన్నాడు. జామచెట్టు ఆకులు అంచులు కాలినట్టు మాడాయి. అన్నీ కళ్ళ ముందే ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసినవాళ్ళు లేరు. తాగే నీళ్ళంటారా, ఎప్పటి నుంచో కొనుక్కునే టిన్ను నీళ్ళే తాగుతున్నాం. బోరింగు నీళ్ళు వంటకి, వాడకానికి, మొక్కలకి. పొద్దున్నే పేస్టుతో పళ్ళు తోముకుని పుక్కిలించి ఊసేసే నీళ్ళ రుచి ఎవరు చూస్తారు?

అత్తయ్య బీపీ దిగలేదు. బందరు వెళ్ళిన ప్రతిసారీ మాత్ర మారేది, లేదా పక్కన ఇంకో మాత్ర చేరేది. పాదాలు వాచాయి. సాయంత్రానికి చెప్పులు పట్టేవి కావు. చేతి వేళ్ళు కూడా ఉబ్బి ఉంగరం లోపలికి దిగిపోయింది, సబ్బు రాసి తియ్యాల్సి వచ్చింది. ముఖంలో కళ కూడా మారింది. ఆవిడ కనురెప్పల కింద నీరు చూసినప్పుడల్లా నాకు లోపల భయంగా ఉండేది. ఈ మనిషి మా చేతుల్లోంచి జారిపోతోందని, అన్నీ సరిగ్గా చేస్తూనే పోగొట్టుకుంటున్నామని అనిపించేది.

చివరిసారి డాక్టరుగారు విసుక్కున్నారు. "అమ్మా, మీరు దాచిపెట్టి పచ్చడి తింటున్నారు. నాకు అబద్ధం చెప్తే నష్టం మీకే" అన్నారట. అత్తయ్య ఇంటికొచ్చాక నన్ను పిలిచి, "అమ్మాయ్, అటకెక్కి జాడీలు చూడు. నేను కట్టిన ముడి అలాగే ఉందా లేదా?" అంది. ఎక్కి చూశాను. ముళ్ళు అలాగే ఉన్నాయి, పైన దుమ్ము కూడా కదల్లేదు. చెప్పాను. ఆవిడ తల ఊపి, కొడవలి పట్టుకుని దొడ్లోకి వెళ్ళిపోయింది.

ఈ సంగతి గుడివాడ చేరింది. గుడివాడ అంటే మా ఆయన అక్కగారు, నాకు వదినగారు. ఫోన్‌లో ఆవిడ గొంతు తియ్యగా ఉంటే ఏదో ముంచుకొస్తోందని అర్థం. "మా అమ్మ తప్పు చెయ్యదమ్మా. మరి ఆ ఉప్పు ఎక్కణ్ణుంచి వస్తోందో నువ్వే చెప్పాలి. వండేదానివి నువ్వేగా" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "అంత అనుమానంగా ఉంటే మీరే వచ్చి వండి పెట్టండి వదినగారూ" అనేశాను. మాటవరసకి అన్నాను. ఆవిడ మర్నాడే బస్సు దిగింది.

దిగిన గంటలో వంటిల్లు ఆక్రమించుకుంది. "నువ్వు కాస్త విశ్రాంతి తీసుకోమ్మా" అంది. ఆ విశ్రాంతిలో ఎంత కారం ఉందో నాకు తెలుసు. ఉప్పు డబ్బా, పైన ఉన్న విడి ప్యాకెట్, నా కళ్ళ ముందే తీసుకెళ్ళి తన సూట్‌కేసులో పెట్టి జిప్పు లాగింది. "ఈ నాలుగు రోజులూ ఇంటిల్లిపాదికీ చప్పిడే. అమ్మ ఒక్కతే ఎందుకు తినాలి?" అంది. అత్తయ్య వెళ్ళి దొడ్లోంచి కొంగు నిండా పాలకూర కోసుకొచ్చింది. కూతురికి తన మడి చూపించుకోవాలని ఆవిడకి ఎంత ఆరాటమో. "చూడవే ఎంత ఆకో! మీ గుడివాడ మార్కెట్లో దొరుకుతుందా?" అంది. వదినగారు కూడా ఆ ఆకు చూసి ముచ్చట పడింది. బోరింగు కింద కడిగి, అదే నీళ్ళు పోసి, పప్పులో వేసి కుక్కర్ పెట్టింది.

మధ్యాహ్నం నలుగురం కూర్చున్నాం. ఆదివారం కాబట్టి మా ఆయన ఇంట్లోనే ఉన్నారు. మొదటి ముద్ద తిని ఆయన అన్నారు, "అక్కా, పప్పు బాగుంది. ఉప్పు సరిగ్గా సరిపోయింది."

వదినగారి చెయ్యి ఆగిపోయింది. "ఉప్పేంట్రా? నేను వెయ్యలేదు" అంది.

"వెయ్యకపోతే ఈ రుచి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఆవిడ తన కంచంలో పప్పు వేలితో తీసి నాకి చూసింది. చూసి, తలెత్తి నా వైపు చూసింది. ఆయనా నా వైపే చూశారు.

"నా వంక చూడకండి. డబ్బా మీ సూట్‌కేసులో ఉంది" అన్నాను.

వదినగారు ఎంగిలి చేత్తోనే లేచి వెళ్ళింది. జిప్పు చప్పుడు వినిపించింది. డబ్బా పెట్టినది పెట్టినట్టే ఉంది. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. నా మీద పడ్డ నింద తొలగిపోయింది గనక నేను గెలిచినట్టే. ఒక్క క్షణం అలాగే అనిపించింది కూడా. ఆ మరుక్షణం అత్తయ్య కంచం వైపు చూశాను. సగం తిన్న పప్పన్నం. రెండు పూటలా, ఇన్నాళ్ళ నుంచీ.

అత్తయ్య కంచం ముందు నుంచి నెమ్మదిగా లేచి, వాచిన పాదాలతో దొడ్లోకి నడిచి, బోరింగు కొట్టింది. దోసిలి పట్టి నోట్లో పోసుకుంది. ఉయ్యలేదు. కళ్ళు మూసుకుని చాలాసేపు అలా నోట్లోనే ఉంచుకుంది. మేం ముగ్గురం దొడ్డి గుమ్మంలో నిలబడి చూస్తున్నాం. ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. చివరికి ఊసి, బోరింగు గట్టు మీద కూర్చుండిపోయింది. నీళ్ళు ఉప్పగా ఉన్నాయని తెలిసిన మనిషి ముఖం కాదది. ముఖం చూడనని ఎప్పుడో విడిచిపెట్టిన మనిషిని మళ్ళీ ఇంట్లో చూసినట్టుంది.

ఆ తర్వాత మేమూ తలా ఒక దోసిలి రుచి చూశాం. ఉప్పు. మరీ సముద్రపు నీళ్ళలా కాదు, వేలు కోసుకుని నోట్లో పెట్టుకున్నప్పటి ఉప్పదనం. పచ్చి పాలకూర ఆకు తుంపి నమిలాం. అందులో కూడా అదే. నేల కింద ఉప్పు నీళ్ళు పైకి పాకివచ్చాయి. అది తట్టుకోలేనివన్నీ చచ్చాయి. పాలకూర తట్టుకుంది. తట్టుకుని, తాగి, ఆకులో దాచుకుంది. మేమది అత్తయ్య చేతి చలవ అనుకున్నాం.

కంచె అవతల చేను మావయ్యగారిని అడిగితే ఆయన తల వంచుకున్నాడు. "మా ఇంట్లోనూ అంతేనమ్మా. చెప్తే ఏం చేస్తాం? చెరువులు తియ్యకముందు కూడా కాస్త కాస్త వస్తూనే ఉంది. ఇప్పుడు తొందరపడింది" అన్నాడు. ఆయన మీద అరుద్దామని వెళ్ళినదాన్ని. అరవలేకపోయాను.

వంట కూడా టిన్ను నీళ్ళతో మొదలుపెట్టాం. కూరలు అవనిగడ్డ నుంచి వస్తున్నాయి. పప్పు మెత్తగా ఉడుకుతోంది, అత్తయ్య ముద్ద మళ్ళీ చప్పబడింది. పాదాల వాపు కొంచెం తీసింది. బీపీ దిగడం మొదలైంది. డాక్టరుగారు విన్నది నమ్మలేక, కాసేపటికి అత్తయ్య వైపు తిరిగి, "అనవసరంగా మాటన్నానమ్మా" అన్నారు. దాంతో పాటు ఇంకో మాట కూడా చెప్పారు. కిడ్నీల మీద భారం పడింది, పడ్డంత మేరా వెనక్కి రాదు, ఇక ముందు జాగ్రత్త. వదినగారు బస్సెక్కేముందు నా చెయ్యి పట్టుకుని ఏదో అనబోయి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం ఆవిడ గురించే ఏడ్చాం.

అత్తయ్య మాత్రం తన కిడ్నీల గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. ఆవిడ మనసంతా ఎదురింటి మీద ఉంది. "ఆ పిల్ల కాళ్ళు వాచాయన్నారు కదమ్మాయ్?" అని రోజూ అడిగేది. కడుపుతో ఉన్నవాళ్ళకి మామూలే అని నేను సర్దిచెప్పేదాన్ని. అయినా ఊరుకోలేక ఎదురింటికి వెళ్ళి సంగతంతా చెప్పి, ఆ పిల్లని వెంటనే బందరు తీసుకెళ్ళి చూపించమన్నాను. వాళ్ళ బోరింగు నీళ్ళు కూడా అంతే. పైగా మా పాలకూర. ఆ పిల్లకి నెల ముందే కానుపు చేశారు. తల్లి క్షేమం, బిడ్డ కాస్త చిన్నగా ఉన్నా క్షేమం. కబురు వినగానే అత్తయ్య దేవుడి ముందు దీపం పెట్టింది. బిడ్డని చూడ్డానికి మాత్రం వెళ్ళలేదు. ఎంత పిలిచినా వెళ్ళలేదు.

ఒకసారి నేను గట్టిగానే అడిగాను. "మీరేం తప్పు చేశారని అత్తయ్యా? మాకు మాత్రం తెలుసా?"

ఆవిడ తన అరచేతులు చూసుకుంది. "ఇన్నేళ్ళలో ఒక్కరికి ఉప్పు చేతికివ్వలేదమ్మాయ్. నీకు కూడా ఇవ్వలేదు. ఊరందరికీ కట్టలు కట్టి, చేతిలో పెట్టి వచ్చాను" అంది.

నోరున్నదాన్నని మా ఇంట్లో పేరు. ఆ రోజు ఆ నోరు పనికి రాలేదు.

ఆవిడ దొడ్లోకి వెళ్ళడం మానేసింది. మడికి నీళ్ళు పోసేవాళ్ళు లేరు. అయినా పాలకూర ఇంకా కొన్నాళ్ళు ఎదిగింది. కొయ్యకపోవడంతో కాడలు లేచి, పూసి, గింజ కట్టింది. తెలియనివాళ్ళు వచ్చి అడిగితే లేదన్నాం. కంచెలోంచి కనిపిస్తుంటే లేదంటామేమని ఒకావిడ మూతి తిప్పుకుని వెళ్ళింది. చలికాలం సగంలో అది కూడా ఎండిపోయింది. మడి పగిలి, పగుళ్ళ అంచుల మీద తెల్లటి పొడి పేరుకుంది. పొద్దున్నే చూస్తే మంచు పడినట్టుండేది. మా సీమలో మంచు అంత చిక్కగా పడదు.

మాఘ పౌర్ణమి వచ్చింది. పొద్దున్నించీ రోడ్డు మీద హంసలదీవి వెళ్ళే ఆటోలు, ట్రాక్టర్లు, పిల్లల కేకలు. నేను బట్టలు ఆరెయ్యడానికి దొడ్లోకి వెళ్ళి, ఆ మడిలో పచ్చగా ఏదో చూశాను. దగ్గరికి వెళ్తే మొక్కలు. బెత్తెడెత్తు ఉన్నాయి. సన్నగా, గుండ్రంగా, కండపట్టిన ఆకులు. కాడలు కింద ఎర్రగా ఉన్నాయి. ఎప్పుడూ చూడని మొక్క. ఎవరూ చల్లలేదు, నీళ్ళు పొయ్యలేదు, దానంతటదే వచ్చింది. ఆ చచ్చిన నేలలో మళ్ళీ ఏదో మొలిచిందని నాకు ఎంత సంతోషం వేసిందో. ఇన్ని నెలల తర్వాత అత్తయ్య ముఖంలో నవ్వు చూడొచ్చని పరుగెత్తి లోపలికి వెళ్ళాను.

"రండి, మీకొకటి చూపిస్తాను" అని చెయ్యి పట్టుకుని లేవదీశాను. వద్దన్నా వదల్లేదు. గుమ్మం దిగి, బోరింగు దాటి, మడి దాకా తీసుకొచ్చాను.

"చూశారా? నేను నాటలేదు కాబట్టే బతికింది" అన్నాను.

ఆవిడ వంగి చూసింది. చూస్తూ ఉండగానే నా చేతిలో ఆవిడ చెయ్యి చల్లబడటం తెలిసింది.

"దీన్ని నువ్వు ఎక్కణ్ణుంచీ తేలేదు కదూ?" అంది.

"లేదత్తయ్యా. అదే మొలిచింది."

"ఉప్పెన తీశాక మా ఊళ్ళో మొదట మొలిచింది ఇదే." ఆ మాట ఆవిడ నోటి నుంచి నేను వినడం అదే మొదలు. "వరి లేదు, గడ్డి లేదు. చేలో, దొడ్లో, ఇళ్ళు పోయిన దిబ్బల మీద, ఎటు చూసినా ఎర్రగా ఇదే. తినడానికి ఇంకేం లేక మా అమ్మ దీన్నే ఉడకబెట్టి పెట్టింది. ఉప్పు వెయ్యక్కర్లేదు. మా తమ్ముడుంటే వాడికీ పెట్టేదాన్నని ఏడుస్తూ పెట్టింది."

రోడ్డు మీద ఒక ట్రాక్టరు గోలగోలగా వెళ్ళింది. అది దాటిపోయేదాకా ఆగింది.

"అప్పుడు వచ్చిన నీళ్ళు వెనక్కి వెళ్ళాయి అమ్మాయ్. రెండు మూడు వానాకాలాలు కడిగాక మళ్ళీ వరి పండింది." మడి వైపు, కంచె అవతల చెరువుల వైపు, మళ్ళీ మడి వైపు చూసింది. "ఈ నీళ్ళు ఎటు వెళ్తాయి?"

ఇన్ని నెలలుగా ఆవిడకి ధైర్యం చెప్తూ వచ్చినదాన్ని, ఆ ఎర్రటి కాడల ముందు నిలబడి చిన్నపిల్లలా ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. నాకు భయం వేసింది.

ఆవిడ వెనక్కి తిరిగింది. ఒక్కో అడుగూ వేసుకుంటూ గుమ్మం ఎక్కి, లోపల పీట మీద కూర్చుంది. మా ఇంట్లో పగటిపూట దొడ్డి తలుపు మూసే అలవాటు లేదు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి అది తెరిచే ఉంటుంది.

"ఆ తలుపు వేసెయ్యమ్మా" అంది.

గడప దగ్గర, గోడ కింద తెల్లగా పూసిన పొడి నా పాదాలకి అంటుకుంది. తలుపు వేసి గడియ పెట్టాను.